సూరి తాత పది సెకన్లు

బిందూ, సింధూ, రాగి కడ్డీనీ అల్యూమినియం కడ్డీనీ నిప్పూ జిగురూ లేకుండా ఎలా అతికిస్తారు? తెలీదా? అరచేతులు గట్టిగా రుద్దండి. వేడెక్కాయా? అంతే. యంత్రం ఒక కడ్డీని గిర్రున తిప్పుతుంటే రెండోదాన్ని ఆనించి నొక్కుతారు. ఆ రాపిడికి మెత్తబడి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మా తమ్ముడు, మీ సూరి తాత, విజయనగరంలో ఒక వర్క్‌షాపులో చేసిన పని అదే.

ఒక ముసురు రోజున భోగాపురంలో కూర్మమ్మ టీకొట్టు బల్ల మీద కూర్చుని కోతలు మొదలెట్టాడు.

"నానతికిన కడ్డీని ఇద్దరు మనుసులు లాగినా ఊడలేదర్రా."

"ఇద్దరేనా?" అంది కూర్మమ్మ.

"తగ్గించి సెప్పేనే! అటో ట్రాక్టరు, ఇటో ట్రాక్టరు కట్టి లాగితే గొలుసులు తెగిపోనాయి గానీ నా అతుకు తెగలేదు. కిటుకేటో తెలుసా? అందరూ నాలుగు సెకన్లు రుద్దితే నాను పది రుద్దుతాను! ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా? శ్రీముఖలింగం జాతరకొచ్చిన ఏనుగుని దానికి ఏలాడదీసేం. ఊగుతూ ఊగుతూ నిద్దరోయింది!"

"దింపేరా, ఇంకా ఊగుతున్నాదా?"

"దింపి, అదే కడ్డీతో వంశధార రెండు గట్లనీ అతికేసినాను! ఎటెళ్లాలో తెలీక నీళ్లు మూడ్రోజులు నిలబడిపోనాయి!"

అందరూ పగలబడి నవ్వారు. సూరి చూపు మాత్రం బల్ల చివర గోడకి ఆనించిన చేతికర్ర మీద పడకుండా తప్పించుకుంటోంది. ఆ కర్ర అక్కడే కూర్చున్న లక్ష్ముడిది. వర్క్‌షాపులో సూరి పక్కనే పనిచేసినవాడు.

"మావా, ఏనుగు సంగతి సరే," అన్నాడు లక్ష్ముడు మెల్లగా. "ఆ మోటారు ఏలాడిందా?"

ఏ మోటారంటారా? చెబుతాను.

ఎక్కువ రుద్దితే అతుకు గట్టిపడదమ్మా. రాగీ అల్యూమినియం కలిసిన చోట పెళుసు పొర మందమవుతుంది, బరువు పడితే గాజులా పుటుక్కుమంటుంది. అందుకే ప్రతి విడతలో ఒక కడ్డీని వంచి చూడాలి. సూరి వంచలేదు. ఎవరో చూడ్డానికొచ్చారని గొప్పకి, తను పది సెకన్లు రుద్దిన కడ్డీకి బరువైన మోటారు వేలాడదీశాడు. అది తెగి లక్ష్ముడి కాలి మీద పడింది. ఓనరు అడిగితే, "లక్ష్ముడే తప్పుగా అతికి, ఏలాడదీసేడు" అన్నాడు సూరి. లక్ష్ముడికి కాలూ పోయింది, పనీ పోయింది.

"పది సెకన్లు రుద్దింది నువ్వేనని ఇప్పుడు నీ నోటితోనే సెప్పేవు మావా. నలుగురూ ఇన్నారు. రేపు నాతో ఓనరు కాడికొచ్చి ఆ ఒక్క ముక్కా సెప్పు. ఏనుగూ వద్దు, ట్రాక్టరూ వద్దు."

సూరి చేతిలో టీ మీద మీగడ కట్టింది. తప్పు తనదేనని తర్వాత నాకొక్కదానికే చెప్పుకున్నాడు, గోడకేసి చూస్తూ.

వెళ్లాడా అంటావా, సింధూ?

లేదమ్మా. లక్ష్ముడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడ్డాడట, ఒంటికాలి మీద.

ఉండండి, రాగి బిందె సగమే తోమి వదిలేశాను. చింతపండు ఎండిపోతుంది.