అందించని మాట

విప్పకు! ఆ హుక్కులన్నీ పెట్టేసరికి నా వేళ్ళు పడిపోయాయి, నువ్వేమో టకటకా ఊడదీసేస్తున్నావు. వెనక్కి తిరుగు. తిరగమంటున్నానా లేదా?

ఏంటీ, వెళ్ళిపోతావా? నాలుగింటికి ఆట పెట్టుకుని మూడుంపావుకి వెళ్ళిపోతావా? బయట జనం అప్పుడే వచ్చి మెట్ల మీద కూర్చున్నారే పిల్లా!

సరే, వెళ్దువుగాని. డెబ్బై ఆరేళ్ళ ముసలిదాన్ని, నేను పట్టుకుంటే నువ్వు ఆగుతావా? కాసేపు కూర్చో. మెడ దగ్గర రంగు చెదిరింది, అది సరిచేస్తూ నాలుగు మాటలు చెప్తాను. విన్నాక నీ ఇష్టం.

భయం అందరికీ ఉంటుందమ్మా. ఈ స్టేజీ పక్క వింగులో స్టూలు వేసుకుని నలభై ఏళ్ళు కూర్చున్నాను, నేను చూడని భయమా? రాజు వేషం వేసే ఆయన ఉండేవాడు, ఇంతటి మనిషి. తెర లేచే ముందు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇంటికి పోనా?" అనేవాడు. తెర లేచాక చూడాలి, ఆ గొంతుకి స్తంభాలు అదిరేవి.

మొదట పాదాలు చూసుకో. కొత్తవాళ్ళంతా చేతులెక్కడ పెట్టుకోవాలా అని హైరానా పడతారుగానీ, తప్పంతా పాదాల్లో ఉంటుంది. రెండూ నేలకి ఆనించి నిలబడు. బస్సు కోసం నిలబడ్డట్టు ఒక పక్కకి వాలిపోకు. పాదాలు కుదిరితే చేతులు వాటంతట అవే కుదురుతాయి.

జనం కళ్ళల్లోకి చూడకు. చివరి వరస వెనక గోడ ఉంది చూడు, ఆ గోడకి చెప్పు. గోడకి వినపడితే అందరికీ వినపడినట్టే.

నవ్వుతారు ఒక్కోచోట. ఆ నవ్వు మీద పడి మాట్లాడకు. అలాగని పూర్తిగా ఆగేదాకా కూర్చోకు, చల్లారిపోతుంది. నవ్వు సగానికి దిగినప్పుడు అందుకోవాలి. అది ఎవరూ నేర్పలేరు, చెవికే తెలియాలి.

ఇంకోటి. నీ మాటలు బట్టీ పట్టడం కాదు, ఎదుటివాడి మాట విను. నిజంగా విను. "ఆకలేస్తోందా?" అని ఎవరైనా అడిగితే జవాబు మర్చిపోతామా? అలాగన్నమాట.

ఒకవేళ మర్చిపోయావనుకో, పైకి మాత్రం చూడకు. మాటేదో కప్పుకి వేలాడుతున్నట్టు అందరూ పైకే చూస్తారెందుకో! గ్లాసు జరుపు, కిటికీ దాకా నడు. చేతికో పని దొరికితే నోటికి మాట దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే వింగులో పుస్తకం పట్టుకుని నేనుంటాను. మాట అందిస్తాను. అందుకేగా నన్ను కూర్చోబెట్టారు?

ఏమన్నావు?

"మా అమ్మమ్మకీ నువ్వే ఉన్నావుగా, బొత్తాల అమ్మమ్మా" అన్నావు. అంతేగా?

ఊఁ. ఉన్నాను.

మీ ఇంట్లో ఏమనుకుంటారో నాకు తెలుసమ్మా. మీ అమ్మ తాళంచెవి ఎక్కడో పెట్టి మర్చిపోతే, "మా అమ్మ జబ్బు నాకూ వచ్చేసింది" అంటుంది. నిన్న రిహార్సల్లో నువ్వు చివరి సీనులో ఆగిపోయావు. మొగుడు పన్నెండేళ్ళకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు, కుర్చీలో కూర్చున్న ఆవిడ ఒక్క మాట అనాలి. అక్కడే. ఇరవై ఏడేళ్ళ క్రితం ఇదే వేషంలో మీ అమ్మమ్మ ఆగిపోయింది కూడా అక్కడే. ఇంకేముంది, మరుపు రక్తంలోనే ఉందని నీకు ఖాయమైపోయింది.

నీ రక్తంలో ఏమీ లేదే తల్లీ. మీ అమ్మమ్మ రక్తంలోనూ లేదు.

నాకెలా తెలుసంటావా? అటు తిరిగి కూర్చో. నా మొహం చూడకు. అప్పుడైతే చెప్పగలను.

మీ అమ్మమ్మని నేను అక్కా అనేదాన్ని. తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ. కుట్టుమిషను తప్ప ఏమీ లేని నన్ను ఈ నాటకాల కంపెనీలో పెట్టించింది తనే. వేషాలు కుట్టేదాన్ని, చిరిగితే అతికేదాన్ని. కుడుతూ వింటుంటే నాటకాలు వాటంతట అవే నోటికి వచ్చేసేవి. ఒకరోజు మాట అందించే ఆయనకి గొంతు పోయింది. స్టేజీ మీద ఎవరో తడుముకుంటుంటే, నేను మిషను దగ్గర నుంచే మాట అందించాను. మేస్టారు, అంటే నాటకాలు రాసి ఆడించే ఆయన, మర్నాడే నా చేతిలో పుస్తకం పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టారు.

ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

నాకు చదవడం రాదమ్మా.

అలా తిరక్కు, రంగు చెదురుతుంది. అవును, రాదు. ఒక్క అక్షరం కూడా. అక్కకీ తెలియదు. స్టేజీ మీద ఎవరైనా లేచి నిలబడితే ఒక పేజీ తిప్పేదాన్ని. ఒక్కోసారి నాటకం అయిపోయేది, పేజీలు మిగిలిపోయేవి. ఒకరోజు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను. లైట్లు వేసే ఆయన చూసి, "ఏంటమ్మా, ఇవాళ నాటకం చివర్నించి మొదలా?" అన్నాడు. "అట్ట కుట్టు ఊడింది, చూస్తున్నా" అన్నాను. కుట్టుపని మనిషిని కదా, నమ్మేశాడు! ఎంత నవ్వుకున్నానో.

మేస్టారు ఎప్పుడైనా మాటలు మారిస్తే, "ఒకసారి పైకి చదవండి, గొంతులో ఎలా పలుకుతుందో వినాలి" అనేదాన్ని. చదివేవారు పాపం. విన్నది విన్నట్టు లోపల దాచుకునేదాన్ని. పదమూడేళ్ళు నడిచిందమ్మా అలా.

ఆ రోజు మాత్రం నేను వెనక గదిలో ఇస్త్రీ చేస్తున్నాను. చివరి సీనులో ఆవిడ కష్టమంతా చెప్పుకునే పెద్ద మాట ఉండేది, రెండు పేజీలు. జనం వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళు. మేస్టారికి ఏం తోచిందో, మొత్తం కొట్టేశారు. దాని బదులు చిన్న మాట ఒకటి పెన్సిల్‌తో రాసి, అక్కకి చెప్పి, పుస్తకం నా బల్ల మీద పడేసి, "కొత్తది రాశాను, చూసుకో" అని వెళ్ళిపోయారు.

"చూశాను" అన్నాను.

ఎవరినైనా అడగొచ్చుగా? అడగొచ్చు. అడగాలనే అనుకున్నాను. ఈలోగా ఎవరిదో చొక్కా చంక చిరిగింది. అయినా అక్క ఎప్పుడు మర్చిపోయింది గనక, అనుకున్నాను.

ఆ సీను వచ్చింది. గుమ్మంలో మొగుడు వేషం ఆయన నిలబడ్డాడు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. మా ఇద్దరికీ ఒక గుర్తు ఉండేదమ్మా. ఊరికే ఆగితే అది నటన. కుర్చీ చెయ్యి మీద వేలితో రెండుసార్లు తడితే, మర్చిపోయానని.

తట్టింది.

ఏమీ వింత లేదు. పదేళ్ళు నోట్లో నానిన రెండు పేజీలు పోయి, మధ్యాహ్నం రాసిన ముక్క ఒకటి వస్తే, ఎవరికైనా తడబాటే. నేను అందిస్తే అరక్షణంలో అయిపోయేది.

పుస్తకం చూశాను. ఆ పెన్సిల్ గీతలు చీమల్లా ఉన్నాయి. చీమలు చెప్తాయా?

పాత మాట అందించి ఉండొచ్చు. రెండు పేజీలూ నా నాలిక మీదే ఉన్నాయి. నాటకం గట్టెక్కేది. కానీ పాత మాట అందిస్తే, కొత్తది చదవలేదని మేస్టారికి తెలిసిపోతుంది. ఎందుకు చదవలేదంటారు. మింగేశాను.

మళ్ళీ తట్టింది. కొంచెం, ఇంత, నా వైపు తిరిగింది. పంకా కిర్రుకిర్రుమంటోంది. మూడో వరసలో ఎవరో దగ్గారు. వెనక నుంచి ఒకడు, "అమ్మా, నిద్రొచ్చిందా?" అన్నాడు. అంతే, హాలంతా నవ్వు. తెర దించేశారు.

ఇదే గది. ఈ అద్దం ముందే. అందరూ చుట్టూ నిలబడ్డారు. అక్క మెల్లిగా, "ఎందుకివ్వలేదే?" అంది. కోపంగా కూడా కాదు.

"ఇచ్చానక్కా. రెండుసార్లు ఇచ్చాను. నీకే వినపడలేదు" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది ఆ అబద్ధం! దానికి మాత్రం ఎవరూ అందించక్కర్లేకపోయింది.

"రెండుసార్లా?" అంది. చెవిలో వేలు పెట్టుకుని చూసుకుంది. అప్పుడు ఆ కళ్ళల్లోకి వచ్చిన భయం... నామీద కాదమ్మా, తనమీద తనకే. పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పని మనిషిని కదా నేను. నన్ను నమ్మింది. తనని నమ్ముకోవడం మానేసింది.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడాయన. ఉంటే మంచిదే కదా అనుకుంటాం. చెవి బాగుందంటే లోపం తలలో ఉన్నట్టే కదా అంది. తన పుస్తకాలన్నీ చింపేసింది. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. మేస్టారూ ఆ నాటకం మళ్ళీ ఆడించలేదు. పొయ్యి ఆర్పానో లేదోనని మూడేసి సార్లు చూసుకునేది. మీ అమ్మ పుట్టినరోజు కూడా చీటీ మీద రాసి గోడకి అతికించింది. పదకొండేళ్ళు, లేని జబ్బుకి భయపడుతూ బతికింది. మీకు ఆ భయాన్నే ఇచ్చి వెళ్ళిపోయింది.

కంపెనీలో నేను మాత్రం వింగులోనే ఉన్నాను. నా స్టూలు పోలేదు.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు చెప్తున్నానా? నిన్న నువ్వు ఆగిపోయినప్పుడు నేను మాట అందించాను, విన్నావుగా. ఈసారి నిజంగానే అందించాను. కానీ దానికి ముందు, కుర్చీ చెయ్యి మీద రెండు తట్లు వినపడ్డాయి నాకు. నీ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆ గుర్తు నీకెవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరు పోయారు.

భయపడకు. ఆవిడ తట్టేది నీకోసం కాదు. నన్ను అడుగుతోంది, అంతే. కొళాయి కారినా, కిటికీ రెక్క కొట్టుకున్నా ఇరవై ఏడేళ్ళుగా అడుగుతూనే ఉంది.

బతికుండగా ఎందుకు చెప్పలేదంటున్నావా? అడుగు. అడగాల్సిందే.

రోజూ చెప్దామనే వెళ్ళేదాన్ని. టీ తాగి వచ్చేసేదాన్ని. చివరి వారం, మీ అమ్మ మందులకి వెళ్ళింది. నాలుగేళ్ళదానివి నువ్వు, నేలమీద నా బొత్తాలు పరుచుకుని ఆడుతున్నావు. అక్క నన్ను దగ్గరికి పిలిచింది. "ఒకటడుగుతాను, విసుక్కోకు. ఆ రోజు రెండుసార్లు అందించానన్నావుగా, ఆ మాట ఏంటే? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఇప్పుడొక్కసారి అందించవూ? విని పోతాను" అంది.

నాకు తెలియదు కదే! పుస్తకం నా పెట్టెలోనే ఉంది. మాట అందులోనే ఉంది. నాకే తెలియదు. ఎదురుచూస్తూ నా నోటివైపే చూసింది పిచ్చిది.

"ఇప్పుడెందుకక్కా అవన్నీ, పడుకో" అన్నాను.

ఆ గురువారం పోయింది.

రెండేళ్ళకి నిన్ను బళ్ళో వేశారు. సాయంత్రాలు నీ పక్కన కూర్చుని, "గట్టిగా చదువు, వేలు పెట్టి చదువు" అని సతాయించేదాన్ని, గుర్తుందా? నీకు చదువు చెప్పిస్తున్నానని మీ అమ్మ మురిసిపోయేది. నీ వేలి వెనకే నా కన్ను నడిచేదమ్మా. అక్షరాలు ఎంత బుద్ధిమంతులో! ఎవరు పిలిచినా ఒకే పేరుకి పలుకుతాయి, మనుషుల్లా మాట మార్చవు. ఇంత మంచివాటికా నేను అన్నాళ్ళు భయపడింది, అనిపించేది.

అరవై మూడేళ్ళ వయసులో పెట్టె ముందు చతికిలబడి, నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి ముక్క ఆ పెన్సిల్ గీతే. "కూర్చోండి. నీళ్ళు తెస్తాను." ఇంతే! ఏదో ఎంత పెద్ద మాటో అనుకున్నాను. ఏ ఇంట్లోనైనా రోజుకి పదిసార్లు అనే మాట. అది దొరక్కే మీ అమ్మమ్మ పోయింది.

అదుగో, మొదటి గంట.

తిట్టు, పరవాలేదు. ఇక్కడెవరూ లేరు... ఏడవకు మరి. సరే, ఏడువు. రంగుదేముంది.

లేచావా? ఎటు? వీధి వైపా, స్టేజీ వైపా?

స్టేజీ వైపే. నా మొహం చూడకుండానే వెళ్ళు, నువ్వు స్టేజీ ఎక్కితే నాకది చాలు.

పుస్తకం తీసుకుపోతున్నావా? తీసుకుపో. లైట్లాయనకి ఇస్తావో, ఇంకెవరికిస్తావో నీ ఇష్టం. ఈ అమ్మమ్మ చేతిలో మాత్రం పెట్టనంటావా?

పెట్టకు. నీ చోట ఉంటే నేనైనా పెట్టను.