ఎర్రజెండా ఊపేదాకా

"నిలబడ్డాడు వదినా! చూడు, మళ్ళీ చూడు. మా ఆయన కారు మండిపోతుంటే ఆ దుర్గారావు మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఎలా నిలబడిపోయాడో!"

"చూశాను త్రివేణీ. ఆ ఫోను లోపల పెట్టు."

రాయపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. కాలిన గాయాల వార్డు బయట బెంచీ మీద మధ్యాహ్నం పూట వదినా మరదళ్ళు కూర్చున్నారు. సంధ్య ఆ వార్డులోనే నర్సు. లోపల మంచం మీదున్న జాషువా ఆమె తమ్ముడు, త్రివేణి భర్త. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని ట్రాక్ మీద వేగంగా నడుపుకునే సరదా ఒకటి ఉంది, ట్రాక్ డే అంటారు. మొన్న ఆదివారం నయా రాయపూర్ అవతల అలాంటి ట్రాక్ మీదే జాషువా కారు మలుపులో టైర్ల గోడను గుద్దుకుని అంటుకుంది.

"ఎందుకు లోపల పెట్టాలి? ఇంకాసేపట్లో పోలీస్ థానా నుంచి ఇన్‌స్పెక్టరు, టి.ఐ. సాబ్ వస్తారు, నా బయాన్, అదే నా వాంగ్మూలం, రాసుకోడానికి. ఇదే చూపిస్తాను."

"చూపించి ఏం చెప్తావ్?"

"ఏం చెప్తానేంటి? మంటలార్పడానికని పెట్టిన మనిషి మంట చూసి భయపడి ఆగిపోయాడని చెప్తాను. పక్కా కేసు అవుతుందంట. మా అన్నయ్య వకీల్‌ని కూడా అడిగాడు."

"భయపడి ఆగాడని నీకెలా తెలుసు?"

"కళ్ళకి కనబడటం లేదా?"

"తెల్ల కారు కనబడలేదా? జాషువా వెనకాలే వస్తోంది చూడు."

"వస్తే?"

"ఎర్రజెండా ఊపి, వెనకొచ్చే కార్లని ఆపేదాకా ఎవరూ ట్రాక్ మీద కాలు పెట్టకూడదు. పెడితే ఆ తెల్ల కారు దుర్గారావు బాబాయ్‌నీ గుద్దేది, జాషువానీ గుద్దేది. అది దాటిందో లేదో ఆయన పరిగెత్తాడు. చివరిదాకా చూడు, తెలుస్తుంది."

"చివరిదాకా చూడలేను."

"ఊరందరికీ పంపావు. నువ్వు చూడలేదా?"

"నువ్వు నర్సువి, చూడగలవు. నావల్ల కాదు. చివర్లో ఆయన్ని బయటికి లాగుతారు."

"ఎవరు లాగారు?"

"అంబులెన్సు వాళ్ళు."

"అంబులెన్సు అప్పటికింకా కదల్లేదు. అంత పెద్ద ట్రాక్‌కి ఒక్క ఫైర్ బండి, అదీ అవతలి చివర పెట్టారు. ఆ మాట చెప్పు టి.ఐ. సాబ్‌కి. ట్రాక్ డే పెట్టినవాళ్ళేమో 'ఆ మలుపు దుర్గారావుది, అతన్నే అడగండి' అనీసి చేతులు దులుపుకున్నారు."

"వాళ్ళ సంగతి తర్వాత. ముందు ఇతను..."

"సీటు బెల్టు బకిల్ పొగలు కక్కుతోంది. గ్లవ్స్‌తో పట్టు దొరక్క, అవి తీసి పారేసి ఒట్టి చేతుల్తో నొక్కి విప్పాడు బాబాయ్. లాగింది ఆయనే. ఆ రెండు చేతులకీ నేనే కట్టు కడుతున్నాను."

"నువ్వు అతని వైపే మాట్లాడతావ్. మీ రైల్వే కాలనీ మనిషి, మీ విజయనగరం మనిషి. నా మొగుడు నీకేమీ కాడు."

"నీ మొగుడు నా తమ్ముడే త్రివేణీ."

"అయితే చెప్పు. మొహానికేం కాలేదు, హెల్మెట్ ఉంది. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, ఏం కాలేదు. కాళ్ళు, జీన్స్ వేసుకున్నాడు కాబట్టి పైపైన ఎర్రబడ్డాయి, అంతే. మరి గుండెలూ భుజాలూ ఎందుకలా అయ్యాయి? డాక్టర్ని అడిగితే సిస్టర్ని అడగండి అంటాడు. నిన్నడిగితే సెలైన్ చూసి వస్తానంటావ్."

"మంట ఒక్కోచోట ఒక్కోలా..."

"ఝూట్."

"టీ తాగుదాం పద. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

"నాకొద్దు. అతను ఆలస్యం చేశాడు, అందుకే కదా అలా అయింది? అను. ఆలస్యం వల్లేనని ఒక్కసారి అను వదినా."

"కాదు."

"మరి దేనివల్ల?"

"బట్ట."

"ఏ బట్ట?"

"ఆ రోజు ఒంటి మీదున్న బట్ట. ఆటలవాళ్ళు వేసుకుంటారే, మెరుస్తుందే, ఆ బట్ట. అది నూలులా కాలి రాలిపోదు త్రివేణీ. కరుగుతుంది. కరిగి చర్మానికి అంటుకుపోతుంది. నూలు చొక్కా ఉండుంటే గుండెలు కూడా కాళ్ళలాగే పైపైన కమిలేవి."

త్రివేణి ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. సంధ్య ఆమె మొహంలోకి చూడలేక వార్డు తలుపు వైపు చూసింది.

"ఆ చొక్కాలు మా పెళ్ళిరోజుకని కుట్టించాను వదినా. నాకొకటి, ఆయనకొకటి. పేర్లు కూడా వేయించాను."

"తెలుసు."

"బట్ట కరుగుతుందని నాకేం తెలుసు? ఎవరైనా చెప్పారా?"

"పొద్దున అందర్నీ నిలబెట్టి చెప్పారట కదా. నూలు బట్టలే వేసుకోవాలి, పొడుగు చేతులుండాలి అని."

"ఆయనకి చెప్పారు. నాకు చెప్పలేదు."

"జాషువా విన్నాడు. విని విప్పేశాడు కూడా. బాబాయ్ ఇచ్చిన నూలు చొక్కా తొడుక్కున్నాడు. అప్పుడే నువ్వొచ్చావు."

"ఎవరన్నారు?"

"వచ్చి అలిగావు."

"అలగలేదు! అంత ఇష్టపడి కుట్టిస్తే అప్పుడే తీసేశావా అన్నానంతే. ఒక్క ఫోటో, ఒకే ఒక్క ఫోటోకి వేసుకోమన్నాను. తర్వాత మార్చుకో అనే అన్నాను. ఇంతలో వీళ్ళ బ్యాచ్‌ని పిలిచారు. హెల్మెట్ పట్టుకుని పరిగెత్తాడు."

"ఊఁ."

"చొక్కా మార్చుకోలేదే అని వెనక్కి పిలవాలి కదా? పిలవాలని నాకు తోచనేలేదు వదినా. చెయ్యి ఊపాను. నవ్వుతూ చెయ్యి ఊపాను."

"సరే. ఊరుకో. ఇలా దగ్గరికి రా."

"ఎవరు చెప్పారు నీకు? దుర్గారావే కదా? అతనే కదా అక్కడున్నది? అదీ సంగతి! తప్పించుకోడానికి ఇదంతా అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడన్నమాట. రేపు థానాలో కూడా ఇదే చెప్తాడు. పెళ్ళామే కాల్చేసిందంటాడు."

"ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పనన్నాడు. జాషువా ఒంటి మీంచి ఆ పసుపు బట్ట ముక్కలు తీసింది నేనే కదా. బాబాయ్ చేతులకి కట్టు కడుతూ అడిగాను, 'మీరక్కడుండి ఇలాంటి బట్టతో వాణ్ణి కారెలా ఎక్కనిచ్చారు?' అని. గట్టిగానే అడిగాను. తిట్టాను కూడా. 'అది అడక్కే తల్లీ' అని మొహం తిప్పుకున్నాడు. వదల్లేదు నేను. ఆఖరికి చెప్పాడు."

"ఆ మాట టి.ఐ. సాబ్‌కి చెప్తే అతని మీద కేసే ఉండదు కదా?"

"ఉండదు."

"మరి చెప్పడా? చెప్తాడు. ఎవరైనా చెప్తారు. నేనైతే చెప్పేస్తాను."

"నేనూ అదే అన్నాను. 'బాబాయ్, ఆ వీడియో చూసి జనం బీర్‌గావ్‌లో మీ గ్యారేజీ ముందుకొచ్చి తిడుతున్నారు. అప్పలనరసమ్మ పిన్ని గడప దాటలేకపోతోంది. మీరే జరిగింది చెప్పండి, ఊరంతా ఊరుకుంటుంది' అన్నాను."

"ఏమన్నాడు?"

"ఎందుకులే ఇప్పుడు."

"ఏమన్నాడో చెప్పు వదినా."

"'నాకేటమ్మా, నా చేతులు రేపో మాపో మానిపోతాయి. ఇంటికెళ్ళినాక ఆ పిల్లే కదా రోజూ ఆడి గుండెల మీద కట్టు ఇప్పి కట్టాల. బట్ట సంగతి తెలిస్తే ఆ గాయాన్ని ఎలా ముట్టుకుంటాది?' అన్నాడు."

"అతనా? అతను అన్నాడా?"

"అన్నాడు. ఇవాళ పొద్దున్నే తనంతట తనే థానాకెళ్ళి, మంట చూసి భయపడి ఆగిపోయానని రాయించి వచ్చేశాడు."

"అబద్ధం రాయించాడా!"

"రాయించేశాడు. ఇక మిగిలింది నీ బయానే. నువ్వు కూడా అదే మాటంటే ఆయన పని అయిపోయినట్టే."

"నేనాయన్ని పిరికిపంద అన్నాను వదినా. ఆసుపత్రి గేటు దగ్గర, అందరి ముందూ. ఆ కట్టు చేతులు రెండూ జోడించి నిలబడ్డాడు."

"అప్పుడు నేనూ ఉన్నాను."

"ఉండి నన్నాపలేదేం?"

"నీ పరిస్థితి చూసి చెప్పలేకపోయాను. ఇవాళ కూడా చెప్పకూడదనే అనుకున్నాను. ఆయన థానాకెళ్ళొచ్చాడని తెలిశాక ఊరుకోలేకపోయాను."

"వదినా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అదిగో, లిఫ్టు దగ్గర టి.ఐ. సాబ్. మన గురించే అడుగుతున్నట్టున్నారు. మొహం తుడుచుకో. ఏం చెప్తావ్?"

"సాబ్‌ని కాసేపు కూర్చోబెట్టు."

"ఏం చెప్తావ్ త్రివేణీ?"

"జరిగింది జరిగినట్టే చెప్తాను, పోలీసులకి చెప్పడం ఏమంత కష్టం. ముందు లోపలికెళ్ళి మా ఆయనకి చెప్పాలి వదినా. ఆ పొద్దున ఏం జరిగిందో ఆయనకేమీ గుర్తు లేదు. గుర్తు లేదు గనకే, నిన్న నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు."