టికెట్టు కొని పడుకున్న ఆదివారం

ఆదివారం సాయంత్రం. పటాన్‌చెరు పోయే బస్సులో నా వెనక సీటులో ఓ కొత్త జంట కూర్చుంది. అమ్యూజ్‌మెంట్ పార్కువాళ్లు చేతికి కట్టిన పచ్చ పట్టీలు ఇద్దరికీ అలాగే ఉన్నాయి.

“అంత టికెట్టు పెట్టి పోతే ఎక్కింది ఒక్క రైడు. అది గూడ పిల్లల రైలు,” అన్నాడు అతను.

“మంచిగనే తిరిగింది తియ్యి.”

“పెద్ద చక్రం లైన్ల కూసున్నప్పుడు, మన వంతు వస్తే లేపమన్న గద. ఎందుకు లేపలే?”

“వంతు రాలే.”

“అబద్ధం. మన ముందటున్న ఎర్ర టోపీ ఆయన, నేను కండ్లు తెరిచే యాల్లకు చక్రం దిగొచ్చి, నన్ను జూసి నవ్విండు.”

“సరే, వచ్చింది. నేనే ఎనకోళ్లను పొమ్మన్న.”

“పిచ్చా నీకు? ఎన్నాళ్ల సంది చక్రం ఎక్కుత ఎక్కుత అంటివి!”

“నైట్ డ్యూటీ దిగి సీదా వస్తివి. నా భుజం మీద తల పెట్టంగనే పండుకుంటివి. ఎట్ల లేపాలె?”

“పండుకునేది ఇంట్ల పండుకోకపోదునా?”

“ఇంట్ల నువ్వు పండుకునే యాల్లకు నేను కంపెనీ బస్సెక్కుత. నేనొచ్చే యాల్లకు నువ్వు డబ్బా పట్కోని పోతవ్. ఆదివారమొస్తే ఓటీ అని మళ్ల డ్యూటీకే పోతవ్.”

“అయితే ఏందిప్పుడు?”

“నువ్వు గురక పెడ్తవని అత్తమ్మ చెప్తే ఇన్న గని, నా చెవులతోని ఇనుడు ఇయ్యాల్నే.”

“అంత జనంలనా? పరువు పాయె గద!”

“పార్కోళ్ల మీద నా కోపమల్ల ఒక్కటే. మంచిగ పండుకున్న మనిషిని డీజే పెట్టి లేపిన్రు.”