ఊరగాయ జాడీలో బంగారం

నూజివీడు పక్కన ఓ మామిడితోట. లంకెబిందెల కోసం చెట్టు మొదట్లో తవ్వి తవ్వి, దొరికిందంతా తెచ్చి పెళ్ళాం ఊరగాయ జాడీలో పోసి కూర్చున్నాడు ఆ మొగుడు.

"నా జాడీలో ఈ బొగ్గులూ కుండపెంకులూ ఏంటండీ?"

"బొగ్గులు కాదే, బంగారం. రాత లేనోళ్ళకి నిధి బొగ్గుల్లా కనబడుద్దని అంజనం వేసినాయన చెప్పాడు. రోజులు తిరిగితే అదే మెరుస్తుంది."

"ఆయన మాత్రం దక్షిణ బొగ్గుల్లో పుచ్చుకోలేదే. కొత్త నయాపైసలే కావాలన్నాడు."

"ఎగతాళి చెయ్యకు. ఏ రాజో దాచుకున్న సొమ్మిది."

"రాజుగారెవరో అన్నం వండుకుని పొయ్యి పూడ్చిపోయాడు. ముక్కలు కొట్టుంచానండీ, ఈపూట కారం కలపకపోతే పాడైపోతాయి. జాడీ ఖాళీ చెయ్యండి."

"ముక్కలు పోతే పోనీ. మన దశ మారేదాకా ఇది కదలదు."

"ఈలోపు అదృష్టమున్నోళ్ళెవరైనా చూస్తే?"

"వాళ్ళకి బంగారంలాగే కనబడుద్ది. అందుకే మూత పెడుతున్నా."

"అయ్యో, ఇందాక మీరు కాళ్ళు కడుక్కుంటుంటే పక్కింటి హైమవతమ్మ చూసిందండీ."

"ఏమంది?"

"ఇస్త్రీపెట్టెలోకంటూ నాలుగు బొగ్గులు కొంగున కట్టుకుపోయింది."

"ఇస్త్రీపెట్టా? వాళ్ళాయన ఇస్త్రీ చొక్కా తొడగ్గా ఎప్పుడైనా చూశావటే?"

"చూళ్ళేదండీ. నాకూ అదే అనుమానం."

అతను కండువా అయినా వేసుకోకుండా దడి దూకి పరిగెత్తాడు. ఆమె జాడీని తీసుకెళ్ళి అతను తవ్విన గోతిలోనే బోర్లించి, కడిగి ఎండలో పెట్టి, ఆవాలు దంచడానికి కూర్చుంది. తవ్వకంలో పడి అతను గమనించలేదు గానీ, హైమవతమ్మ పుట్టింటికెళ్ళి వారం దాటింది.