గుంజకు తగిలించిన కత్తి

"మా తమ్ముణ్ణి చంపింది నువ్వే బాబాయ్!"

రేపల్లె శివారులోని ఆ కల్లు పాకలో నిన్నటి నెత్తురు చాప మీద నల్లగా అట్టకట్టి ఉంది. తమ్ముణ్ణి పూడ్చిపెట్టి ఆ అక్క నేరుగా పాక యజమాని మీదికే వచ్చింది.

"అదేంటమ్మాయ్! పొడిచింది ఆ నిజాంపట్నం బోటువాడు. నేను కుండ దగ్గరున్నాను."

"వాడి చేతికి కత్తి ఎట్టా వచ్చింది? మీ నాన్న కాలం నుంచీ ఇక్కడ పద్ధతేంటి?"

"లోపలికొచ్చే బోటోళ్ల కత్తులు గుంజకి తగిలిస్తాం."

"తిరిగి ఎవరిస్తారు?"

"ఇంటికి పోయేటప్పుడు నేనే ఇస్తాను."

"మరి వాడు ఇంటికి పోతున్నాడా?"

"చేప కోసుకుంటానని అడిగాడమ్మా. ఇవ్వనంటే గొంతు పట్టుకున్నాడు."

"అప్పటికే వాడూ, మావాడూ కొట్టుకుంటున్నారుగా?"

"మీవాడి పన్ను ఊడి నా కాళ్ల దగ్గరే పడింది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టింది.

"అది చూసి కూడా ఇచ్చావా? పోలీసులకేమో ఏమీ చూళ్లేదన్నావంట!"

"చెబితే నన్నూ పొడుస్తాడమ్మా."

"చెప్పకపోతే ఇంకొకణ్ణి పొడుస్తాడు. పాక మూసి స్టేషన్‌కి నడు! కత్తి నీ చేత్తోనే ఇచ్చానని వాళ్ల ముందు చెప్పు. ఇప్పుడే!"