పొయ్యి కాడ డప్పు

చేవెళ్ల పాత బజారులో మూతపడిన నూనె మిల్లు ఈమధ్యే పాటల హాలైంది. ఎదుటి చాయ్ హోటల్ నడిపే ఆమె కట్టెల పొయ్యి ఆర్పబోతుంటే, హాల్లో డప్పు కొట్టే అతను పరుగున వచ్చాడు.

"ఆర్పకక్కా! హాల్ల మంట పెట్టనిస్తలేరు. కాపకుంటే డప్పు మోగదాయె."

"కాపుకో తమ్మీ. రేపటిసంది హోటల్ బందే. కొత్త రోడ్డు పడ్డంక ఈ బజార్ల చాయ్ తాగెటోడే లేడు."

"కాగింది. జర ఈ దరువు ఇను."

"అబ్బ, ఛాతిల మోగినట్లున్నది! ఇసొంటి దెబ్బ ఇని ఎన్నేండ్లాయె!"

"ఎనకకు సూడు."

"అవ్వో, గింతమందా! ఎవరు వీళ్లు?"

"హైటెక్ సిటీ పిల్లలు. పాటకొచ్చిండ్రు, డప్పు కాపుడు సుత సూస్తరట. చాయ్ అడుగుతున్నరు."

"ఉన్న పాలు సాలవు. నువ్వు మంట ఆరకుంట సూడు. పాలు తెస్త, రేపటి పాలకు సుత చెప్పొస్త."