మా ప్రిస్సి ఆదివారం

“అవ్వా, మా పాపను షటిల్ కోచింగ్‌కు పంపిద్దామనుకుంటాండా. మీ ప్రిస్సి పోతాంది గదా, ఎట్లుంటాది?”

ఎట్లుంటాదా? కూకో అమ్మీ, చెప్తా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతాది. ఇట్ల మంచం మీద కూకో.

ప్రిస్సి మా డేనియేలు కూతురే గదా, నన్ను జేజీ అని పిలుస్తాది, ఐదో తరగతి. వాడేమో సింహాద్రిపురం కాడ బడిలో టీచరు, దినామూ బస్సులో పోయొస్తాడు. కోడలు గ్రేసి ఈడనే ప్రొద్దుటూర్లో ఆస్పత్రిలో నర్సు. పిల్ల బ్యాటు బాగా తిప్పుతాందని ఎవరో అన్నారు, ఇంగ మావోడు దాన్ని పట్టుకున్నాడు. తెల్లారకముందే లేపి పరిగెత్తిచ్చేది, ఆమైన బడి, బడి ఇడిస్తానే కోచ్ సారు కాడికి, ఆడ్నుంచి ట్యూషను. ఆ బిడ్డ సంగటి తింటా తింటా గిన్నెలో చెయ్యి పెట్టుకోనే నిద్దరపోయేది. నేనే చెయ్యి కడిగి పండుకోబెట్టేదాన్ని. ఒగసారి నిద్దర్లోనే చెయ్యి ఇట్ల ఇసిరింది చూడు, నా కండ్లద్దాలు ఎగిరి గోడకు తగిలినాయి! మావోడేమన్నాడు? “స్మాష్ బాగుంది మా” అన్నాడు.

మేం చిన్నప్పుడు జమ్మలమడుగులో... పావలా ఇస్తే ఒడి నిండా బొరుగులు పోసేవాళ్ళు, కాదు కాదు, పావలా మా అక్క సువార్తమ్మ కాలానికి, నాకు దాంట్లో సగం, బేడకే వచ్చేటివి... కాదులే, నాకంటే పెద్దది గదా అక్క, తిరగేసి చెప్తాండా. ఏదో ఒగటి. అవి తింటా పెన్నా ఇసకలో దొర్లేవాళ్ళం. ఎట్ల దొర్లాల్నో మాకెవరూ నేర్పీలా.

యాడుండా? ఆ, ఆదివారం. సెలక్షన్లు దగ్గరకొచ్చినాయని కోచ్ సారు ఆదివారం మధ్యాన్నం కూడా రమ్మన్నాడు. నాకు శానా కోపమొచ్చింది. ఆ ఒగ పూటన్నా ఇడిసిపెట్టరా, బిడ్డ దాని పాటికి అది ఉంటాది అంటే, మావోడు ఇంటేనా?

ఇంగ అయ్యగారి కాడికి పోయినా. మన చర్చిలో అలవాటే గదా, నీకు తెలీందేముంది. కొడుకు మాట ఇనకపోతే పాస్టరయ్యగారితో ప్రసంగంలో చెప్పిస్తాం. పేరెత్తకుండా, అందరికీ చెప్పినట్ల ఒగనికి చెప్పిచ్చేది. “అయ్యగారూ, విశ్రాంతి దినం సంగతి రవ్వంత గట్టిగా చెప్పండి, పిల్లోళ్ళను కూడా కలపండి” అన్నా.

చెప్పినాడమ్మీ. ఆయప్పకు ఊపొస్తే ఆగడు. పిల్లోళ్ళతోనే మొదలుపెట్టినాడు. మావోని దిక్కు చూసినా, తల వంచుకోని ఉండాడు. ఆడ ఆపొచ్చు గదా? పనోళ్ళకు విశ్రాంతి, ఎద్దులకు విశ్రాంతి, ఇంట్లో ఆడోళ్ళకూ విశ్రాంతి అనేసినాడు. ఆ మాటకు ఆడోళ్ళ పక్క నుంచి “ఆమెన్” వచ్చింది చూడు, పైన రేకులు అదిరినాయి.

ఇంటికొచ్చినాం. మావోడు ఆ పొద్దు పిల్లను కోచింగ్‌కు పంపలా గానీ, మటన్ తెచ్చి కోడలి చేతికియ్యబోయినాడు. గ్రేసి ఫ్యాన్ కింద కాళ్ళు చాపుకోని “ఈ పొద్దు ఆదివారమండీ” అనింది. వారమంతా వార్డులో నిలబడే మనిషి, నేనేమంటా? వాడు నా దిక్కు తిరిగినాడు. “నాకూ ఆదివారమే నాయనా” అన్నా. వీధంతా అదే కత. ఒగరింట్లో కూడా కుక్కర్ కూత పెట్టలా. మగోళ్ళంతా కలిసి అయ్యగారింటికి పోతే, ఆడ అమ్మగారు కూడా మంచం దిగలేదంట. ఆయప్ప అరటిపండు నములుతా వచ్చి తలుపు తీసినాడంట!

మరుసటి ఆదివారం చూడు, అయ్యగారు దారి మార్చినాడు. ప్రేమతో చేసేది పని కిందికి రాదు, వంట ప్రేమే అన్నాడు. ఈసారి ఆమెన్ మగోళ్ళ పక్క నుంచి వచ్చింది. మావోడు ఇంటికొస్తానే బ్యాటు తీసి పిల్ల చేతిలో పెట్టి, “ఇన్యావా మా, ప్రేమతో చేసేది పని కాదంట. ప్రిస్సీ, నీకు షటిల్ ఇష్టమా కాదా, మీ జేజి ముందరే చెప్పు” అన్నాడు. నాయనకు భయపడి ఇష్టమే అనేస్తే ఇంగ ఆ ఆదివారం పోయినట్లే గదా.

పిల్ల బ్యాటును చూసింది, వాళ్ళ నాయనను చూసింది. “ఆరు దినాలు ఇష్టం నాయనా” అనింది.

అంతే. వాడు బ్యాటు తీసి పక్కన పెట్టి, కోచ్ సారుకు ఫోన్ చేసి ఇంగ ఆదివారాలు రాదని చెప్పినాడు. ఎనకబడుతాది అన్నాడంట ఆ సారు. “పడనీ సార్” అన్నాడు మావోడు. నాకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి, నా కొడుకని చెప్పడం కాదు. ఆ పొద్దు మటన్ కూడా వాడే వండినాడు. ఉప్పు ఎక్కువైంది, అయినా గిన్నె ఖాళీ చేసినాం.

ఇంగ నేను ఊరుకున్నానా? గెలిచినా గదా! తింటానే పిల్లను పిల్చి, “రా ప్రిస్సీ, ఒగ కీర్తన నేర్పిస్తా, ఆమైన అచ్చంగాయలు ఆడదాం, ఆమైన బస్సెక్కి కొండాపురం కాలనీలో మీ అత్తోళ్ళను చూసొద్దాం” అన్నా. అది నా మొగం చూసి, “జేజీ, నువ్వూ కోచ్ సారు మాదిరే ఉండావు” అనింది. గ్రేసి నవ్వి నవ్వి పొట్ట పట్టుకునింది.

సరేలే, పో అన్నా. పిల్ల పోయి మిద్దె మెట్ల మీద కూసుంది. పక్కింటి నూర్జహాన్ మనవరాలొచ్చి దాని పక్కన కూసుంది. ఏం చేస్తాండారో ఏమో, తొంగి చూద్దామని రెండు తూర్లు లేచి మళ్ల కూసున్యా. పొద్దు గుంకినాక లోపలికొచ్చింది, గౌను నిండా దుమ్ము. “ఏం చేసినావే ఇంతసేపు?” అంటే, “ఏం చెయ్యలా జేజీ!” అనింది. ఆ మొగంలో సంతోషం నేనెట్ల చెప్పేది అమ్మీ, ఎన్నాళ్ళకు చూసినా.

చేర్చు, నీ పాపను చేర్చు, ఆట మంచిదే. దేవుడు దానికి కాళ్ళల్లో బలమియ్యాల, ఏం చెయ్యకుండా కూసునే పొద్దులు కూడా శానా ఇయ్యాల. ఏందీ, అప్పుడే లేస్తాండావు? పాపను ట్యూషన్ కాడ దించాల్నా? ఒగ పూట పోకపోతే ఏమైతాది... దాన్నీ ఈడికే పిల్చుకోని రా, ఉత్తగ కూకుందాం రవ్వంతసేపు...